టీవీలో వైలాన్ గది

ఏడు నెలలుగా మోక్ వైలాన్ మంచం మీద పైఅంతస్తు మరుగుదొడ్డి నీళ్ళు కారుతున్నాయి. ధారగా కాదు, చుక్కలుగా. గది కప్పు మీద మొదట అరచేతంత ఉన్న గోధుమరంగు మరక ఇప్పుడు చాపంత అయింది. మంచాన్ని జరుపుదామంటే జరిపే చోటు లేదు. షాం షూయి పో పేటలోని ఆ పాత మేడ ఐదో అంతస్తులో ఒకప్పుడు ఒకే కుటుంబం ఉండేది. ఇంటాయన పలచటి చెక్క గోడలు పెట్టి దాన్ని ఆరు గదులు చేశాడు. ఒక్కో గదిలోనే మంచం, పొయ్యి, మరుగుదొడ్డి. వైలాన్ చుక్క పడే చోట ప్లాస్టిక్ గిన్నె పెట్టుకుని, దాని పక్కన ఒత్తిగిలి పడుకునేది. పొద్దున్నే ఆ గిన్నెను పారబోసి, బ్లీచ్‌తో కడిగి, చేతులు మోచేతుల దాకా రుద్దుకుని పనికి వెళ్ళేది.

శుభ్రం ఆమెకు పిచ్చి కాదు, వృత్తి. ఇరవై ఆరేళ్ళు ఆస్పత్రి వార్డుల్లో నేల తుడిచింది. సార్స్ అంటురోగం వచ్చిన ఏడాది, డాక్టర్లే గుమ్మం దగ్గర ఆగిపోయిన గదుల్లోకి బకెట్టు పట్టుకుని వెళ్ళింది. తొంభై తొమ్మిది పాళ్ళ నీళ్ళకు ఒక పాలు బ్లీచ్ అనే లెక్క నగరమంతా అప్పుడు నేర్చుకుంది. ఆమెకు అది అంతకుముందే చేతికి తెలుసు. అరవై దాటాక ఆస్పత్రి మానేసి, వీధి మలుపులో లాయ్ గారి నూడుల్స్ కొట్లో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వాంటాన్‌లు చుట్టే పనికి కుదిరింది. అద్దం వెనక కూర్చుని, వెదురు పుల్లతో రొయ్యల ముద్ద తీసి, పలచటి పిండి రేకులో పెట్టి, ఒక్క నొక్కుతో మూసేది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి ఆమె వేళ్ళ వంక చూసేవాళ్ళు.

నీళ్ళు కారే సంగతి ఇంటాయనకు ఎన్నిసార్లు చెప్పినా "చూస్తాలే" అన్నాడు. ఎదురు గదిలో ఉండే యిప్ కాంహో ఆమెకు దారి చూపించాడు. అతను మినీబస్సు నడిపి రిటైరైన మనిషి. ఆరేళ్ళుగా వారంలో మూడు రోజులైనా వైలాన్ చేతి కూర తినేవాడు.

"లాన్ అక్కా, పగడం చానల్ వాళ్ళకి ఫోన్ చెయ్యి. 'మన వీధి మనుషులు' లేదూ, ఏడు గంటలకొచ్చేది? మొన్న క్వాయి చుంగ్‌లో ఓ మేడ లిఫ్టు రెండేళ్ళుగా పాడై ఉంటే, వీళ్ళు చూపించిన మర్నాడే బాగుచేయించార్ట."

"టీవీలో నా మొహమా? ఛ, ఊరుకో."

"నీ మొహం ఎవరికి కావాలి? నీ కప్పు చూపిస్తారు."

ఆ మేడలో పగడం చానల్ చూడనివాళ్ళు లేరు. డబ్బు కట్టక్కర్లేదు, డాబా మీది యాంటెన్నా నుంచి ఒక తీగ లాక్కుంటే చాలు. సాయంత్రమైతే ఆరో అంతస్తు నుంచి కిందిదాకా తెరిచిన తలుపుల్లోంచి ఒకే గొంతు వినిపించేది. వార్తలు, తర్వాత వీధి మనుషులు, ఎనిమిదిన్నరకు అత్తాకోడళ్ళు. సీరియల్ బాగాలేదని తిడుతూనే అందరూ దాని ముందే అన్నం తినేవాళ్ళు. వైలాన్ కూడా అంతే. ముప్ఫై ఏళ్ళుగా ఆ చానల్ వాళ్ళ మొహాలు ఆమెకు చుట్టాల మొహాలకన్నా బాగా తెలుసు. అందుకే చివరికి ఫోన్ చేసింది.

నలుగురు వచ్చారు. వాళ్ళలో పెద్దవాడు కెల్విన్ సిట్. నలభై ఏళ్ళుంటాయి, తెల్లటి బూట్లు. గుమ్మంలో నిలబడి గదంతా కలియజూశాడు. మడతపెట్టిన దుప్పటి, గోడకు వరసగా తగిలించిన గరిటెలు, మెరిసే సింకు. ఆకలితో హోటలుకొచ్చినవాడికి ఖాళీ గిన్నె పెట్టినట్టు అతని మొహం వాలిపోయింది.

"బామ్మగారూ, ఇల్లు మరీ శుభ్రంగా ఉందే!"

"నేను మీకు బామ్మనా? మీ వయసుకి అక్కా అంటే చాలు."

"అలాగే అక్కా. ఒక చిన్న సాయం చేయాలి. మీరు రోజూ ఐదంతస్తులు ఎక్కుతారు కదా? ఆ కష్టం కనబడాలి. కిందికెళ్ళి సంచి పట్టుకుని మెల్లగా ఎక్కి రండి. మధ్యలో మోకాలు పట్టుకుని ఆగండి."

"నాకు మోకాళ్ళ నొప్పి లేదు."

"ఉన్నట్టు."

ఒక కెమెరా అతన్ని వెంటబెట్టుకుని ఆమె నాలుగుసార్లు దిగి నాలుగుసార్లు ఎక్కింది. రెండోసారి సంచిలో క్యాబేజీ కనబడలేదన్నారు, మూడోసారి వేగంగా ఎక్కావన్నారు. సిట్, చిన్న కెమెరా ఉన్న ఇంకొకతను, గుడ్డ సంచి తెచ్చిన మూడో మనిషి ఆ సేపంతా గదిలోనే ఉండిపోయారు. ఆమె తిరిగొచ్చేసరికి సర్దుకుంటున్నారు. గదిలో ఏదో నీచు వాసన. కూరగాయలు తరిగే చెక్క తడిగా ఉంది.

"నీళ్ళు ఒలికాయి, మేమే తుడిచేశాం," అన్నాడు సిట్.

పాపం మర్యాదస్తులు అనుకుంది వైలాన్. ఆ రాత్రి అన్నం కుక్కర్ వెనకాల ఒక బొద్దింక కాలు కనబడింది. పాత మేడ, పైనుంచి వచ్చిందేమో అనుకుని తుడిచేసింది. చెక్కను రోజూలాగే కడిగి, దాని మీదే అల్లం తరిగింది, చేప కోసింది.

గురువారం ప్రసారం. వైలాన్ ఆ రోజు తామరదుంపలు, పంది ఎముకలు వేసి మూడు గంటలు మరగబెట్టి పెద్ద కుండ నిండా సూప్ కాచింది. కాంహో గదిలో పెద్ద టీవీ ఉంది కాబట్టి అతని తలుపు బార్లా తీసి, వరండాలో స్టూళ్ళు వేశారు. ఆరు గదులవాళ్ళూ వచ్చారు. అందరికీ గిన్నెల్లో ఆమే పోసింది. పక్క గది క్వాక్ పిన్ని అయితే రెండోసారి పోయించుకుంది.

"అదిగో మన మెట్లు!" అన్నాడు కాంహో. అందరూ నవ్వారు. తెర మీద వైలాన్ మోకాలు పట్టుకుని ఆగింది.

"ఓర్నాయనో, అక్కకి సీరియల్లో అత్తగారి వేషం ఇవ్వొచ్చు!" అన్నారెవరో.

తర్వాత గది కనబడింది. ముందు ఆమె పోల్చుకోలేదు. మంచం మీద, ఆమె దిండు పక్కన, చిరిగిన చెత్త సంచి. దాన్లోంచి కారిన నల్లటి నీళ్ళు దుప్పటి మీద. సింకులో తెట్టు కట్టిన నూడుల్స్. తర్వాత కెమెరా చాలా దగ్గరికి వెళ్ళింది. ఆమె చెక్క. అంచు మీద కత్తిగాటు ఆమెదే. దాని మీద కుళ్ళిన చేప తల, ఆ తల కంట్లోంచి బయటికి పాకుతున్న బొద్దింక. ఇంకోటి. ఇంకో మూడు.

టీవీలో ఆడగొంతు, ఎనిమిదిన్నర సీరియల్లో ఏడుపు పాట పాడినంత మెత్తగా, ఇలా అంది: "ఒంటరి బామ్మ మోక్ వైలాన్‌కు ఇల్లు శుభ్రం చేసుకునే ఓపిక లేదు. ఈ చెక్క మీదే ఆమె రోజూ వంట చేసుకుంటుంది."

వరండాలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

వైలాన్ చుట్టూ చూసింది. క్వాక్ పిన్ని నోట్లో ఉన్న తామరదుంప ముక్కను నమలకుండా, మింగకుండా, మెల్లగా చేతి రుమాల్లోకి తీసుకుంది. చివరి గదిలోని పెళ్ళైన జంట గిన్నెలు కింద పెట్టేశారు. కాంహో గిన్నె చేతిలోనే ఉంది కానీ చూపు మాత్రం టీవీ మీంచి గిన్నెలోకి, గిన్నెలోంచి టీవీ మీదికి పోతోంది.

"అది నా గది కాదు," అంది వైలాన్. "అంటే, గది నాదే... ఆ చెత్త వాళ్ళు పెట్టారు. కాంహో, నువ్వు చెప్పు. ఆరేళ్ళుగా తింటున్నావ్."

"అవునక్కా, అవును," అన్నాడు కాంహో. గిన్నె స్టూలు మీద పెట్టాడు. "కానీ అంత పెద్ద చానల్ కదా... ఏమీ లేకుండా చూపిస్తారా?"

ఆ చెక్క మీద నాలుగు రోజులుగా తరిగిన అల్లం, చేప, ఇవాళ్టి తామరదుంప, అన్నీ ఒక్కసారి వైలాన్ గొంతులోకి వచ్చాయి. గదిలోకి పరిగెత్తి మరుగుదొడ్డి ముందు కూలబడి కక్కింది. కడుపులో ఏమీ మిగలకపోయినా డోకులు ఆగలేదు. వేరే వాళ్ళ వాంతులు ఇరవై ఆరేళ్ళు ఎత్తిపోసింది, ఒక్కనాడు మొహం చిట్లించుకోలేదు. ఆ రోగులకు ఒంట్లో బాగాలేక అలా జరిగేది. ఇది చేసినవాళ్ళకు ఏం రోగం? చెక్కను పాత పేపర్లో చుట్టి, ఐదంతస్తులు దిగి, చెత్త బండిలో వేసి వచ్చింది. దుప్పటి, దిండు కూడా. ఆ తర్వాత చేతులు ఎర్రగా కందిపోయేదాకా రుద్దుకుంది. అయినా వేళ్ళు వాసన చూసుకుంటూనే ఉంది.

మర్నాడు కొట్లో లాయ్ గారు ఆమెను అద్దం వెనక కూర్చోనివ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళాడు. ఆయన చెడ్డవాడు కాదు, అందుకే కళ్ళల్లోకి చూడలేకపోయాడు.

"అక్కా, పొద్దున్నించి ముగ్గురు అడిగారు, వాంటాన్‌లు చుట్టేది ఆవిడేనా అని. ఒకాయన సగం తిన్న గిన్నె వదిలేసి పోయాడు."

"నా చేతులు నీకు తెలీవూ? పదేళ్ళయింది."

"నాకు తెలుసు. వాళ్ళకి తెలీదు కదా. కొన్నాళ్ళు ఆగు. జనం మర్చిపోతారు."

రెండో రోజు ఇంటాయన ఇద్దరు పనివాళ్ళను వెంటేసుకుని ఊడిపడ్డాడు. టీవీలో తన మేడ కనబడేసరికి అతనికి చెమటలు పట్టాయి. ఏడు నెలల చుక్క గంటన్నరలో ఆగిపోయింది. పైపు మార్చి, కప్పుకు సున్నం కూడా వేయించాడు. వెళ్తూ వెళ్తూ, "టీవీకెందుకెళ్ళావమ్మా, నాకు చెప్తే పోయేదిగా," అన్నాడు. వైలాన్‌కు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఉమ్మేయాలనిపించింది.

ఆ తర్వాత మూటలు రావడం మొదలైంది. దయగల ప్రేక్షకులు పంపారంటూ చానల్ ఒక్కోదాని మీద తన పగడం బొమ్మ కాగితం అంటించి పంపింది. చెమట మరకల చొక్కాలు, ఒంటికాలి మేజోళ్ళు, ఎవరో సగం తిని మూసిన బిస్కట్ల డబ్బా. ఒక మూటలో వాడిన పళ్ళ బ్రష్షు ఉంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మనిషి మనసులో ఏమనుకుంటే ఇంకో మనిషికి ఇది పంపగలడు అని చాలాసేపు చూసింది. వరండాలో ఆమె తలుపు ముందుకు వచ్చినప్పుడు క్వాక్ పిన్ని అడుగు కొంచెం అవతలికి వేసి నడిచేది.

వైలాన్ చానల్‌కు రోజూ ఫోన్ చేసింది. పదో రోజున సిట్ ఎగ్ టార్టుల మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చాడు. అడక్కుండానే కొత్త దుప్పటి మీద కూర్చున్నాడు.

"కప్పు బాగైంది కదా అక్కా! చూశారా మా ప్రోగ్రాం పవరు?"

"నా మంచం మీద చెత్త పోసిందెవరు?"

"అది... చూడండక్కా. మీ గది ఉన్నదున్నట్టు చూపిస్తే జనం ఏమంటారు? చక్కగానే ఉంది కదా, ఓ మరకకి ఇంత ఏడుపేంటి అంటారు. మీ బాధ వాళ్ళకి కనబడాలంటే కొంచెం కలపాలి. మీరు వంటలో ఉప్పు వెయ్యరూ?"

"బొద్దింకలు ఉప్పా?"

అతను నవ్వాడు. ఆమె తమాషాకు అన్నదనుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. రెండో భాగం తీద్దాం. సీరియల్లో పెద్ద కోడలుగా వేసే నటి, పదిమంది స్వచ్ఛంద సేవకులు వస్తారు. గది శుభ్రం చేస్తారు. చివర్లో తళతళలాడే గదిలో ఆమె నవ్వుతూ కూర్చుంటుంది. ఊరంతా చూస్తుంది.

"అప్పుడు మీ గది శుభ్రమని అందరికీ తెలుస్తుంది. మీకు కావలసిందదే కదా?"

"మీరు కడిగితే శుభ్రమైందని తెలుస్తుంది."

"ఎవరు కడిగితే ఏంటక్కా? శుభ్రం శుభ్రమే."

అతను వెళ్ళాక ఎగ్ టార్టుల పెట్టెను తెరవకుండానే పారేసింది. కానీ ఆ సాయంత్రం లాయ్ గారిని అడిగితే, ఆయన మొహం వెలిగింది. "ఒప్పుకో అక్కా! అది వచ్చిన మర్నాడే నీ చోట్లో నువ్వు కూర్చో. కోడలు పిల్లతో నీ ఫోటో అద్దానికి అంటిస్తాను." కాంహో కూడా అదే అన్నాడు. ఊరికే ఉంటే ఆ చెక్కే అందరికీ గుర్తుండిపోతుంది అన్నాడు. పది పగళ్ళుగా ఆమె ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. సరే అని ఫోన్ చేసింది. చేసినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఆదివారం పొద్దున అందరూ దిగారు. సేవకులంతా పగడం రంగు చొక్కాలు వేసుకున్నారు. మెట్ల మీద నిలబడి ముందు ఫోటోలు తీసుకున్నారు. పెద్ద కోడలు టీవీలో కన్నా సన్నగా ఉంది. చేతులకు పసుపు గ్లవ్స్ తొడుక్కుని గుమ్మంలో నిలబడి గదంతా చూసి అయోమయంగా అడిగింది.

"నేను ఎక్కడ తోమాలి?"

"ఒక్క నిమిషం మేడం, ముందు పాత గది తీయాలి," అన్నాడు సిట్. గుడ్డ సంచి మనిషికి సైగ చేశాడు.

ఆ మనిషి సంచిలోంచి కట్టిన చెత్త మూట ఒకటి తీశాడు. తర్వాత ఊరగాయ సీసా ఒకటి. మూతకు సన్నటి చిల్లులు. లోపల ఏవో గోధుమరంగువి ఒకదాని మీంచి ఒకటి ఎక్కుతూ, గాజును మీసాలతో తడుముతున్నాయి. కొత్త దుప్పటి మీద ప్లాస్టిక్ కాగితం కూడా పరవకుండా చెత్త మూట పెట్టబోయాడు.

పెద్ద కోడలు "అమ్మో" అని వెనక్కి గెంతింది. "ఇవి... మీరే తెస్తారా?"

సేవకులు నేల చూపులు చూశారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురికి ఇది కొత్త కాదని ఆ చూపుల్లోనే తెలిసింది.

వైలాన్ ఆ మనిషి చేతిలోంచి సీసా తీసుకుంది. లాక్కోలేదు, వార్డులో నర్సు చేతిలోంచి మూత్రం గిన్నె అందుకున్నట్టు మామూలుగా తీసుకుంది. అతనూ ఇచ్చేశాడు. పొయ్యి మీద టీ కోసం పెట్టిన కెటిల్ కుతకుతలాడుతోంది. సీసాను సింకులో నిలబెట్టి, మూత రవ్వంత తీసి, మరిగే నీళ్ళు అంచుదాకా పోసి, మూత బిగించి, అరచేత్తో నొక్కి పట్టుకుంది. కాసేపు లోపల గలాటా. తర్వాత ఏమీ లేదు.

"మీ నటులు పోయారు," అంది. "పట్టుకెళ్ళండి. చెత్త మూట కూడా."

"అక్కా, ఏంటిది! రెండు కెమెరాలు, పదిమంది జనం... మీ కోసమే కదా! మీ పని మీకు తిరిగి రావద్దా?"

"నాకు పని కావాలి. ఆ పని కోసం మీరు నన్ను కడిగారని చెప్పుకుని తిరగమంటారు. ఛీ. ఆస్పత్రిలో నేను ఎత్తినవాటిల్లో మీలాంటి కంపు లేదయ్యా. బయటికి నడవండి."

సిట్ ఇంకేదో అనబోయాడు. పెద్ద కోడలు అప్పటికే గ్లవ్స్ తీసి ఒక సేవకుడి చేతిలో పెట్టి మెట్లు దిగుతోంది. ఆమె లేకపోతే షూటింగ్ లేదు. పది నిమిషాల్లో మెట్లు ఖాళీ అయ్యాయి. వైలాన్ సింకును మూడుసార్లు బ్లీచ్‌తో కడిగింది.

రెండో భాగం ప్రసారం కాలేదు. కొట్లో ఆమె చోట్లో వేరే ఆవిడ కూర్చుంది, ఆవిడ వాంటాన్‌లు ఉడికేటప్పుడు విడిపోతాయని లాయ్ గారు వచ్చి చెప్పాడు. చెప్పాడే కానీ రమ్మనలేదు. నెల తర్వాత వైలాన్‌కు చేపల బజారులో, తెల్లవారి దుకాణాలు తెరవకముందు నేల కడిగే పని దొరికింది. అక్కడ ఎవరూ ఆమె మొహం చూడలేదు, పొలుసులూ పేగులూ ఎంత త్వరగా పోతాయన్నదే చూశారు. కాంహో ఒక సాయంత్రం తలుపు కొట్టి ఖాళీ గిన్నె చాచి, "కూరేమైనా ఉందా అక్కా," అన్నాడు. ఆమె "లేదు" అంది. ఉంది.

సీరియల్ మానేసింది కానీ తెరిచిన తలుపుల్లోంచి వచ్చే గొంతును ఆపలేకపోయింది. ఒక రోజు ఏడింటప్పుడు వరండాలో వెళ్తుంటే కాంహో టీవీలో ఇంకో గది కనబడింది. టో క్వా వాన్‌లో ఉండే ముసలాయన, పేరు సెక్ పుయ్‌కీ, ఒకప్పటి గడియారాల మెకానిక్. దిండు మీద బొద్దింకలు. అదే మెత్తటి గొంతు.

నాలుగైదు రోజులకు, పని అయ్యాక ఆమె బస్సెక్కింది. టీవీలో మెట్ల మొదట్లో ఎముకల వైద్యుడి బోర్డు కనబడింది, దాన్ని పట్టుకుని మూడు వీధులు తిరిగితే మేడ దొరికింది. మూడో అంతస్తులో తలుపు కొట్టింది. ఇనుప గ్రిల్ వెనక చెక్క తలుపు సందులోంచి ఒక కన్ను కనబడింది.

"మూటలొద్దు! నాకేం అక్కర్లేదు! నా ఇంట్లో పురుగుల్లేవు!"

"తెలుసండీ," అంది వైలాన్. "నా ఇంట్లోనూ లేవు. వాళ్ళే తెచ్చారు."

లోపలి గొలుసు, దాని తర్వాత గ్రిల్ తాళం ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ముసలాయన తలుపు పూర్తిగా తీసి పక్కకు తప్పుకున్నాడు. గదిలో బల్ల మీద చిన్న చిన్న పనిముట్లు పొడుగును బట్టి వరసగా పేర్చి ఉన్నాయి. దిండుకు గలేబు లేదు.

"ఉతికాను," అన్నాడాయన, ఆమె చూపు చూసి. "ఐదుసార్లు. అయినా దాని మీద తల పెట్టలేకపోతున్నానమ్మా."

"పారేయండి," అంది వైలాన్. "కొత్తది కొందాం, పదండి. బజారు ఇంకా మూసుండరు."

ఆయన చెప్పుల కోసం వెతుక్కుంటుంటే ఆమె ఆ దిండును తీసుకుని చంకలో పెట్టుకుంది. పై అంతస్తులో ఎవరో టీవీ పెట్టారు. మధ్యాహ్నం వంటల ప్రోగ్రాం, ఎవరో ఏదో రుచి చూసి ఆహా అంటున్నారు. వైలాన్ మెట్ల మలుపులో ఉమ్మేయబోయి, నేల శుభ్రంగా ఉండటం చూసి, మింగేసి, కిందికి దిగింది.